అరకు ఘాట్‌లో వ్యాన్ వేడెక్కిపోతోంది. రేడియేటర్ కొత్తదే, హెడ్ దింపించమంటున్నారు. సలహా కావాలి

చక్రాలఇల్లు · మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట ఒక పాత స్కూల్ వ్యాన్ కొన్నాం, డీజిల్ బండి. వెనక సీట్లన్నీ తీయించి మంచం, చిన్న వంటగట్టు, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. విశాఖ నుంచి శ్రీకూర్మం, అంతర్వేది, సూర్యలంక దాకా తిరిగాం. మైదానంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

పోయిన ఆదివారం అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి బొడ్డవర వరకూ టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంది. ఘాట్ మొదలైన పది నిమిషాలకు కదలడం మొదలుపెట్టింది. ఏసీ వేసుకునే ఉన్నాం, సెకండ్ గేరులో వెళ్తున్నాం. ముల్లు ముప్పావు దాటింది. ఒక మలుపు ముందు లారీ ఆగితే మేమూ ఆగాం. రెండు నిమిషాల్లో ఎర్ర గీత తాకింది. బెల్లం పాకం మాడినట్టు తియ్యటి వాసన వచ్చింది, దిగి చూస్తే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పొంగి తారు మీద పచ్చగా పారుతోంది. ముప్పావు గంట ఆగి, చల్లారాక నీళ్లు పోసి వెనక్కి తిరిగాం. దిగేటప్పుడు బ్రేకుల నుంచి కాలిన వాసన. అమ్మ కిందికి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఇప్పటిదాకా చేయించినవి: మూడు నెలల కిందట కొత్త రేడియేటర్, కొత్త కూలెంట్. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తీసి పక్కన పెట్టేశారు, మన వేడికి అక్కర్లేదన్నారు. ఇప్పుడేమో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దింపాలి, పాతిక వేలు అవుతుంది అంటున్నారు. దింపించాలా? దసరా సెలవుల్లో అమ్మకి అరకు చూపిస్తానని మాటిచ్చాను.

గాజువాక_డీజిల్ · మంగళవారం రాత్రి 10:05

ముందు హెడ్ జోలికి వెళ్లకండి. గ్యాస్కెట్ పోయిందో లేదో ఇంటి దగ్గరే చాలావరకు తెలిసిపోతుంది.

పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపి స్టార్ట్ చేయించండి. మీరు పక్కన నిలబడి చూడండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు రావడం మామూలే. ఆగకుండా సన్నగా, గోలీసోడా కొట్టినప్పటిలా బుడగలు వస్తుంటే, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ పెరుగుతుంటే అప్పుడు అనుమానించాలి. అది చూశాక మూత బిగించి ఇంకోసారి స్టార్ట్ చేసి పై హోస్ పైపు పట్టుకోండి. ఇంజన్ ఇంకా వేడెక్కకుండానే ఒకటి రెండు నిమిషాల్లో పైపు రాయిలా బిగుసుకుంటే సిలిండర్లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందన్నమాట. ఇంజన్ ఆయిల్ పుల్ల బయటికి తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉండకూడదు. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా రాకూడదు.

కొన్ని షెడ్లలో నీలం రంగు ద్రవం ఉన్న గాజు గొట్టం ఉంటుంది. దాన్ని రేడియేటర్ మెడ మీద పెట్టి గాలి లాగుతారు. ఇంజన్ గ్యాస్ తగిలితే నీలం కాస్తా పసుపు (డీజిల్ బండైతే ఆకుపచ్చ) అవుతుంది. పది నిమిషాల పని. పాతిక వేల ముందు దానికి ఖర్చు పెట్టండి.

షెడ్డు_అనకాపల్లి · బుధవారం ఉదయం 6:40

ఇరవై రెండేళ్లుగా రేడియేటర్ పనే చేస్తున్నాను బాబూ. మీరు రాసినదాంట్లో రెండు మాటలు ముఖ్యం. ఒకటి, మైదానంలో బాగుంది. రెండు, ఆగగానే ఎరుపులోకి వెళ్లింది.

హైవే మీద 80లో వేడెక్కితే నీళ్ల దారి చూడాలి: పంపు, పూడిపోయిన గొట్టాలు, నొక్కుకుపోయిన కింది హోస్. నిలబడినప్పుడు, నెమ్మదిగా లాగుతున్నప్పుడు వేడెక్కితే గాలి దారి చూడాలి. హైవే మీద బండి వేగమే గాలిని తోసేస్తుంది, ఫ్యాన్ పనిచేయకపోయినా తెలియదు. ఘాట్‌లో 20 వేగంలో పోతున్నప్పుడు గాలి మొత్తం ఫ్యానే లాగాలి. ఇంజన్ మీద బరువు ఎక్కువ, గాలి తక్కువ. అక్కడే లోపం బయటపడుతుంది.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. బండి బాగా వేడెక్కాక నిలబెట్టి, ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా ముందు జాలీ వైపు నుంచి దినపత్రిక కాగితం ఒకటి రేడియేటర్ మీదకి వదలండి. ఫ్యాన్ వైపు వెళ్లొద్దు, చున్నీలూ తువ్వాళ్లూ ఒంటి మీద వేలాడకూడదు. కాగితం అతుక్కోవాలి. మధ్యలో ఒకసారి, నాలుగు మూలలా ఒక్కోసారి పెట్టి చూసి చెప్పండి. ఫ్యాన్ ఫోటో కూడా పెట్టండి.

ఇక థర్మోస్టాట్ తీసేయడం సాయం కాదు, హాని. దాని గురించి తర్వాత రాస్తాను, షెడ్డు తెరవాలి.

నల్లమల_దారి · బుధవారం ఉదయం 11:20

మాది హైదరాబాద్. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక ఇలాగే పొంగింది. చివరికి తేలింది రేడియేటర్ మూత. లోపలి రబ్బరు వాషర్ ఎండిపోయి చిట్లింది.

మూత మూతే కదా అని మనం దాన్ని చూడం. దాని మీద 0.9 అనో, 1.1 అనో అంకె ఉంటుంది, అది బార్‌లలో ఒత్తిడి. 0.9 మూత సరిగ్గా పట్టుకుంటే సముద్రమట్టం దగ్గర మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత ఒత్తిడి వదిలేస్తే 100కే మరుగుతాయి. కొండ మీద ఇంకా ముందే. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు అనుకుంటే అక్కడ గిన్నెలో నీళ్లు 97కే మరుగుతాయి. లేహ్‌లో 3,500 మీటర్ల దగ్గర 88కే. అందుకే పైకి వెళ్లే కొద్దీ మూత పని పెరుగుతుంది.

అంకె మార్చకుండా అదే ఒత్తిడి ఉన్న కొత్త మూత వేయించండి. వంద, రెండు వందల్లో అయిపోతుంది.

ఇంకో మాట. శ్రీశైలం వెళ్లే క్యాంపర్లు ఎవరైనా చదువుతుంటే, మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి. బండి మొరాయిస్తే చీకటి పడకముందే అడవి దాటేలా సమయం చూసుకోండి.

కొత్త_క్యాంపర్ · బుధవారం మధ్యాహ్నం 2:15

నేను ఇంకా బండి కట్టించుకునే దశలోనే ఉన్నాను. ఒక సందేహం. ముల్లు ఎరుపులోకి వెళ్లగానే ఇంజన్ ఆపేయాలా, ఆన్‌లో ఉంచాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

డెన్వర్_తెలుగు · బుధవారం సాయంత్రం 6:50

కొత్త క్యాంపర్ గారూ, నాకు తెలిసింది చెప్తాను. మేము కొలరాడోలో ఉంటాం, ఏడాదికి నాలుగైదు సార్లు ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని కొండలెక్కుతాం. ఐ-70 మీద ఐజెన్‌హోవర్ టన్నెల్ 3,401 మీటర్ల ఎత్తులో ఉంది.

ముల్లు సగం దాటి కదులుతుండగానే ఏసీ ఆపేయాలి. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందే ఉంటుంది, దాని వేడి గాలే రేడియేటర్‌లోకి వెళ్తుంది. ఇంకా పెరిగితే కిటికీలు దించి హీటర్ ఫుల్‌లో పెట్టండి. ఉక్కపోస్తుంది, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. కాలిఫోర్నియాలో కొన్ని పెద్ద ఎక్కుళ్ల దగ్గర ఏసీ ఆపేయమని రోడ్డు పక్కన బోర్డులే ఉంటాయి.

అప్పటికీ ఆగకపోతే పక్కకి తీసి ఆపండి. నీళ్లు బయటికి పోకుండా, బెల్టు తెగకుండా ఉంటే న్యూట్రల్‌లో పెట్టి ఐడిల్ కంటే కాస్త ఎక్కువ మీద రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. పంపు, ఫ్యాన్ తిరుగుతూ వేడిని లాగేస్తాయి. కూలెంట్ కారిపోతున్నా, బెల్టు తెగినా, ముల్లు ఇంకా పైకే వెళ్తున్నా వెంటనే ఆపేయాలి.

మూత మాత్రం వేడి మీద తీయొద్దు. నా స్నేహితుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. గుడ్డ వేసి తిప్పాడు, అయినా కాలింది. పై హోస్ నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు.

గాజువాక_డీజిల్ · బుధవారం సాయంత్రం 7:30

పై దానికి ఒకటి కలుపుతాను. నీళ్లు పూర్తిగా కారిపోతే ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోవచ్చు. సెన్సార్ నీళ్లలో ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది, గాలిలో తేలితే తక్కువ చూపిస్తుంది. "అమ్మయ్య, తగ్గింది" అనుకుని లాగించేస్తే ఇంజన్ పట్టేస్తుంది. ముల్లు తగ్గినా హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే వెంటనే ఆపండి.

చక్రాలఇల్లు · గురువారం ఉదయం 8:25

అందరికీ ధన్యవాదాలు. పొద్దున్నే అన్నీ చేశాను.

బుడగలు మొదట నాలుగైదు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. హోస్ బిగుసుకోలేదు. ఆయిల్ శుభ్రంగా ఉంది. గాజు గొట్టం పరీక్ష గాజువాకలో చేయించాను, నీలం నీలంగానే ఉంది.

తర్వాత కాగితం. మా పెద్దాడు పట్టుకుంటానన్నాడు, వద్దని నేనే చేశాను. మధ్యలో పెడితే టక్కున అతుక్కుంది. కుడి పక్క పై మూలన పెట్టాను, ఒక క్షణం ఆగి మెల్లగా జారి బంపర్ మీద పడింది. ఎడమ మూలన పెట్టినా అంతే. కింది మూలల్లో అసలు నిలవలేదు. ఒక్కసారైతే, కాగితం అంచు రేడియేటర్ వైపు కాకుండా నా వైపు ఎగిరింది. అంటే లోపలి గాలి బయటికి వస్తోంది!

ఫోటో పెట్టాను. ఫ్యాన్ చుట్టూ ఏమీ లేదు, బోడిగా ఉంది. అలాగే ఉండాలా?

షెడ్డు_అనకాపల్లి · గురువారం ఉదయం 9:10

దొరికింది బాబూ. ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ డబ్బా లాంటిది ఉండాలి, కౌల్ అంటాం. రేడియేటర్ నాలుగు అంచులకీ అతుక్కుని, ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగా సన్నబడుతుంది. అది ఉంటేనే ఫ్యాన్ లాగే గాలి రేడియేటర్ మొత్తంలోంచి వస్తుంది. లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి మేరకే లాగుతుంది, మిగతా గాలిని పక్కల నుంచీ ఇంజన్ దగ్గరి నుంచీ తెచ్చుకుంటుంది. అదే వేడి గాలి ముందుకి చుట్టి వచ్చి మళ్లీ రేడియేటర్‌లో దూరుతుంది. మీ కాగితం ఎదురు తిరిగింది అందుకే. మీ కొత్త రేడియేటర్‌లో మూలలన్నీ వట్టి అలంకారం కింద ఉన్నాయి. రేడియేటర్ మార్చినప్పుడు కొలత కుదరక కౌల్ తీసి పక్కన పడేసి ఉంటారు. ఇలా నేను చాలా బళ్లు చూశాను.

ఫ్యాన్ మధ్యలో ఉన్న గుండ్రటి దిమ్మ కూడా చూడండి, అది విస్కస్ క్లచ్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. ముందు వైపు చుట్ట లాంటి స్ప్రింగు వేడిని పట్టి లోపలి వాల్వ్ తెరుస్తుంది, అప్పుడు ఫ్యాన్ గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పండి. కాస్త బరువుగా తిరిగి ఆగిపోవాలి. వేడి మీద ఆపి తిప్పితే ఇంకా బిగువుగా ఉండాలి. వదిలేసిన బొంగరంలా నాలుగు చుట్లు తిరిగితే పోయిందని లెక్క. దిమ్మ చుట్టూ జిడ్డు మరక ఉన్నా పోయినట్టే.

థర్మోస్టాట్ సంగతి. చాలా డీజిల్ ఇంజన్లలో దానికి రెండు మూతలుంటాయి. సుమారు 82 డిగ్రీల దగ్గర పైది తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి పంపుతుంది. అదే సమయంలో కిందిది బైపాస్ దారిని మూసేస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. మైదానంలో తెలియదు, కొండెక్కితే తెలుస్తుంది. కొత్తది వేయించండి. చిన్న పిన్ను ఉంటుంది, అది పై వైపుకి రావాలి.

నల్లమల_దారి · గురువారం మధ్యాహ్నం 12:40

అన్నా, థర్మోస్టాట్ విషయంలో నేను ఒప్పుకోను. మా ఊళ్లో మేలో 44 డిగ్రీలు. మా పాత బండికి పదేళ్లు లేకుండానే నడిపాం, ఏమీ కాలేదు.

షెడ్డు_అనకాపల్లి · గురువారం మధ్యాహ్నం 1:30

బైపాస్ చిన్నగా ఉండే ఇంజన్లు ఉంటాయి, వాటిలో తీసేసినా వేడి పెరగదు. మీది అలాంటిదే కావచ్చు, మీ అనుభవాన్ని కాదనను. కానీ అప్పుడు ఇంజన్ చలికాలం పొద్దున చాలాసేపు చల్లగానే నడుస్తుంది. డీజిల్ సరిగ్గా మండదు, మైలేజీ పడిపోతుంది, సిలిండర్ అరుగుతుంది. అది పదేళ్లలో మెల్లగా జరుగుతుంది, ఒక రోజున కనబడదు. థర్మోస్టాట్ బాగుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. దారం కట్టి గిన్నెలో వేలాడదీసి నీళ్లు కాచండి, మరగడానికి ముందే నోరు తెరవాలి.

కొత్త_క్యాంపర్ · గురువారం మధ్యాహ్నం 3:05

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది? దారిలో దొరికేవి అవే కదా.

షెడ్డు_అనకాపల్లి · గురువారం రాత్రి 8:15

గండం గట్టెక్కడానికి పోసుకోండి, ఇంటికొచ్చాక తీసేయండి అమ్మా. మీ కుక్కర్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే ఇంజన్ లోపలా కడుతుంది. నేను పాత రాగి రేడియేటర్లు విప్పి రాడ్‌తో గొట్టాలు దులిపినప్పుడు సున్నం పొడిలా రాలేది. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లకి పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు, విప్పి దులపడానికి లేదు, పూడితే పారేయడమే. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి వాడండి. ఆ మిశ్రమం ఒత్తిడి లేకపోయినా 106 డిగ్రీల దాకా మరగదు, తుప్పు పట్టనివ్వదు. పచ్చ, ఎరుపు కలపొద్దు. రంగు ఒక్కటే చూసి నమ్మొద్దు, డబ్బా మీద ఏ రకమో చదవండి.

మన్యం_స్టీరింగ్ · గురువారం రాత్రి 10:30

పాడేరు, అరకు మధ్య జీపు తోలతాను, పన్నెండేళ్లయింది. బండి బాగు చేసుకోవడం గురించి పెద్దలు చెప్పారు. తోలడం గురించి నేను చెప్తాను, ఎందుకంటే మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ భయం వేసింది బ్రేకుల వాసన దగ్గర.

ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఇంజన్‌ని ఈడ్పించొద్దు. బండి గుర్రుమంటూ వణుకుతుంటే ఫ్యాను, పంపు నెమ్మదిగా తిరుగుతాయి, వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది. ఒక గేరు దించండి, యాక్సిలరేటర్ సగమే తొక్కండి, శబ్దం తేలికపడుతుంది. వేగం తగ్గినా పర్వాలేదు, వెనక బండ్లకి చోటు దొరికిన దగ్గర దారివ్వండి. లారీ తోక పట్టుకుని వెళ్లొద్దు. దాని వేడి, పొగ అంతా మీ రేడియేటర్‌లోకే వస్తుంది. యాభై గజాలు వదలండి, అది మలుపులో ఆగినా మీరు ఎక్కుడులో ఆగాల్సిన అవసరం రాదు.

హెయిర్‌పిన్ మలుపు దగ్గర పై నుంచి ఆర్టీసీ బస్సు వస్తుంటే మలుపుకి ముందే ఆగిపోండి. బస్సుకి మలుపు మొత్తం కావాలి. ఇరుకు చోట కొండెక్కే బండికే ముందు దారి, దిగే బండి ఆగాలి. రూలూ అదే, మా డ్రైవర్ల మర్యాదా అదే. కానీ ఎదుటివాడికి తెలుసో లేదో మనకి తెలియదు కదా, హారన్ కొట్టి చూసుకునే వెళ్లండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. సెకండ్‌లో ఎక్కితే సెకండ్‌లోనే. ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేయకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి తగ్గించి, పూర్తిగా వదిలేయండి, డ్రమ్ముకి గాలి తగలాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లని చూశాను. దయచేసి అలా చేయకండి. ఇంజన్ ఆపి దిగితే బ్రేకు బూస్టరూ పనిచేయదు, పవర్ స్టీరింగూ పనిచేయదు.

వాసన వచ్చిందంటే లైనింగ్ కాలిందన్నమాట. ఆ తర్వాత పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తగా లోపలికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగిందని అర్థం. ఆ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మీ వ్యాన్‌కి ఎప్పుడు మార్చారు?

చక్రాలఇల్లు · శుక్రవారం ఉదయం 7:00

కొన్నప్పటి నుంచీ మార్చలేదు అన్నా. ఈ వారమే మార్పిస్తాను. లైనింగ్ కూడా విప్పించి చూపిస్తాను.

చక్రాలఇల్లు · పది రోజుల తర్వాత, సోమవారం రాత్రి 9:45

ఆలస్యానికి క్షమించండి. చేసినవన్నీ వరసగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

కౌల్ కోసం పాత సామాన్ల దుకాణాలు మూడు తిరిగాను. మూడో చోట అదే మోడల్ బండిది దొరికింది, ఒక చెవి విరిగి ఉంది. అల్యూమినియం పట్టీ వేసి రివిట్ కొట్టించాం. కొత్త రేడియేటర్ వెడల్పు రెండు వేళ్లు ఎక్కువ. ఆ సందులో రబ్బరు బీడింగ్ పెట్టించాను. ఫ్యాన్ రెక్కలకీ కౌల్ అంచుకీ మధ్య వేలెడు సందు చుట్టూ సమానంగా ఉందో లేదో చేత్తో తిప్పి చూశాం.

విస్కస్ క్లచ్ చుట్టూ జిడ్డు ఉంది. మార్చేశాం. కొత్త థర్మోస్టాట్, కొత్త 0.9 మూత. జాలీ ముందు సోకు కోసం పెట్టించిన ఎల్ఈడీ లైట్ల పట్టీ సగం గాలిని ఆపుతోంది, దాన్ని టాప్ మీదికి మార్చాను. నీళ్లు నింపేటప్పుడు బండి మూతిని మా వీధి చివర ఎత్తు మీదికి ఎక్కించి, హీటర్ తెరిచి, మూత తీసి ఐడిల్‌లో ఉంచాం. పావుగంట తర్వాత థర్మోస్టాట్ తెరుచుకోగానే నీటిమట్టం గుటుక్కున కిందికి దిగింది, గుప్పెడు గాలి బుడగలు వచ్చాయి. పై హోస్ పిసుకుతూ ఉంటే ఇంకా వచ్చాయి. మొత్తం లీటరున్నర పట్టింది. ఆ గాలంతా అన్నాళ్లూ లోపలే ఉందన్నమాట.

కాగితం మళ్లీ పెట్టాను. నాలుగు మూలలా అతుక్కుంది. మా చిన్నది చప్పట్లు కొట్టింది.

బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో వచ్చింది. వెనక లైనింగ్ అద్దంలా మెరుస్తోంది, అవి కూడా మార్చాం. అన్నీ కలిపి హెడ్ దింపడానికి చెప్పిన డబ్బులో సగం కూడా కాలేదు.

గాజువాక_డీజిల్ · సోమవారం రాత్రి 10:20

చాలా సంతోషం. ఘాట్‌కి వెళ్లే ముందు నీళ్ల ట్యాంకు ఖాళీ చేసుకోండి. 80 లీటర్లంటే 80 కిలోలు, పైన అరకులో నింపుకోవచ్చు. కూలెంట్ కలిపిన నీళ్లు ఐదు లీటర్లు విడిగా, ఒక స్పేర్ ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లిప్పులు పెట్టుకోండి.

చక్రాలఇల్లు · దసరా తర్వాత, ఆదివారం సాయంత్రం 6:10

వెళ్లొచ్చాం.

పొద్దున 5 గంటలకి బయల్దేరాం. ఘాట్ మొదట్లోనే ఏసీ ఆపేశాను, చల్లగాలే కాబట్టి ఎవరికీ ఇబ్బంది కాలేదు. సెకండ్, అవసరమైన మలుపుల్లో ఫస్ట్. పోయినసారి పొంగిన మలుపు దగ్గరికి వచ్చేసరికి నా చేతులు చెమట పట్టాయి. ముల్లు సగం మీద ఒక గీత పైన ఉంది. అక్కడ కావాలనే పక్కకి తీసి మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాను. ఫ్యాన్ హోరుమని పట్టుకుంది, ఆ చప్పుడు ఇంతకుముందు ఈ బండిలో ఎప్పుడూ వినలేదు. ముల్లు మెల్లగా సగానికి దిగింది.

అనంతగిరిలో కాఫీ తోటల దగ్గర ఆగి టిఫిన్ చేశాం. గాలికొండ దగ్గర మంచు ఇంకా వీడలేదు. అమ్మ శాలువా కప్పుకుని అరగంట అక్కడే కూర్చుంది, లేవమంటే లేవలేదు.

మన్యం_స్టీరింగ్ · ఆదివారం సాయంత్రం 7:40

దిగడం సంగతి రాయలేదు. ఏ గేరులో దిగారు?

చక్రాలఇల్లు · ఆదివారం రాత్రి 8:05

సెకండ్‌లోనే అన్నా, పై నుంచి కింది దాకా. ఇద్దరు ఎదురొచ్చారు, ఇద్దరికీ ఆగి దారిచ్చాను. ఘాట్ అయిపోయాక ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి చాపి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, వాసన లేదు. అమ్మ వెనక మంచం మీద నిద్రపోతోంది.